టర్మ్ చివరి పదిహేను రోజుల గురించి అడగండి

డిసెంబర్ రెండో వారం వచ్చిందంటే ఇంటర్నేషనల్ స్కూళ్లలో అందరికంటే ఆలస్యంగా ఇంటికెళ్లేది ఆర్ట్ టీచరే. మార్చిలో మళ్లీ అదే సీను. పిల్లల బొమ్మల అంచులు కత్తిరించి అట్టకు అతికించాలి. ఒక్కోదాని కింద పేరు, సైజు, ఏ రంగులు వాడారో రాసిన చీటీ పెట్టాలి. ఫొటో తీసి ఫోల్డర్లో వేయాలి. మట్టి బొమ్మలుంటే బట్టీలో కాల్చి, పగలకుండా బయటికి తీయాలి. ఒక్కో విద్యార్థి గురించి నాలుగు వాక్యాల రిపోర్టు రాయాలి, అదీ ‘గుడ్, కీపిటప్’తో సరిపెట్టకుండా. చివరికి స్టోర్ రూంలో మిగిలిన బ్రష్షులు, రంగు ట్యూబులు లెక్కపెట్టి వచ్చే టర్ముకి ఇండెంట్ రాయాలి.

దీన్నొక ఉద్యోగంగా చూసేవాళ్లు మన వైపు తక్కువే. ‘బొమ్మలేసుకునేవాడికి జీతమెవరిస్తారు’ అనే మాట చాలా ఇళ్లలో వినిపించేదే. అయినా నా బ్లాగు చదివేవాళ్లలో కొందరు ఈమధ్య అడుగుతున్న ప్రశ్న ఇది: ‘అన్నా, ఇంటర్నేషనల్ స్కూల్లో ఆర్ట్ టీచర్ పోస్టుకి పిలిచారు, వెళ్లొచ్చా?’ అడిగేవాళ్లలో బీటెక్ అయ్యాక కూడా స్కెచ్ బుక్ వదలనివాళ్లున్నారు, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పాసైన డిగ్రీవాళ్లున్నారు, డీఈఎల్ఈడీ చదువుతున్నవాళ్లున్నారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. టర్మ్ చివరి పదిహేను రోజుల్లో మీ ఆర్ట్ టీచర్ ఏం చేస్తారని ఇంటర్వ్యూలో ఆ స్కూలునే అడగండి. జీతం ఎంతని అడగడానికి ముందే అడగండి.

ఎందుకంటే ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులొస్తాయి. ‘యాన్యువల్ డే ఉంటుంది కదా, స్టేజీ వెనక బ్యాక్‌డ్రాప్, థర్మాకోల్ అక్షరాలు, గెస్టులకు ముగ్గు, అన్నీ ఆర్ట్ సారే చూసుకుంటారు’ అన్నారనుకోండి, వాళ్లకు కావాల్సింది డెకరేషన్ మనిషి. అది తప్పు పని కాదు, కానీ బయట షామియానా వాళ్లు అదే పనికి ఇంకా మంచి రేటు తీసుకుంటారు. ‘ఎగ్జిబిషన్, పోర్ట్‌ఫోలియోలు, మోడరేషన్’ అనే మాటలు వినిపిస్తే అక్కడ ఆర్ట్ అనేది మార్కులున్న సబ్జెక్టు అని అర్థం.

ఆ మాటల వెనక ఉన్న లెక్క చూద్దాం. ఐబీ అంటే 1968లో జెనీవాలో మొదలైన ఇంటర్నేషనల్ బకలారియెట్. అందులో ఇంటర్ స్థాయి డిప్లొమాకి విజువల్ ఆర్ట్స్ తీసుకున్న విద్యార్థికి, 2026 పరీక్షల దాకా ఉన్న సిలబస్ ప్రకారం, ఎగ్జిబిషన్‌కి 40 శాతం, ప్రాసెస్ పోర్ట్‌ఫోలియోకి 40 శాతం, వేర్వేరు కళాకారుల పనిని పోల్చి రాసే స్టడీకి 20 శాతం మార్కులు. ప్రాసెస్ పోర్ట్‌ఫోలియో అంటే చెడిపోయిన బొమ్మ, మార్చుకున్న ఆలోచన, మళ్లీ వేసిన స్కెచ్, అన్నీ వరసగా చూపించేది. 2027 నుంచి మార్కులిచ్చే కొత్త సిలబస్‌లో భాగాల పేర్లు మారాయి గానీ, దారికి మార్కులుండటం మారలేదు. ఎగ్జిబిషన్‌కి టీచర్ వేసిన మార్కుల్లోంచి శాంపిల్ తీసి బయటి ఎగ్జామినర్లు మళ్లీ చూస్తారు, దీన్నే మోడరేషన్ అంటారు. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈలో అయితే ఆర్ట్ అండ్ డిజైన్‌కి సగం మార్కులు కోర్స్‌వర్క్‌వి, సగం బోర్డు ఇచ్చే అంశం మీద చేసే పనివి. ఆ రెండోదానికి చివర్లో 8 గంటల పరీక్ష ఉంటుంది. ఇప్పుడు కారిడార్‌లో స్టూలెక్కి చీటీలు అతికిస్తున్న మనిషిని మళ్లీ చూడండి. ఆయన చేస్తున్నది పరీక్ష పని. ఒక ఫొటో మసకగా వచ్చినా, ఒక స్కెచ్ బుక్ పేజీ పోయినా నష్టపోయేది ఒక విద్యార్థి మార్కులు.

సాఫ్ట్‌వేర్ వైపు చూపున్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. గిట్‌లో కమిట్ హిస్టరీ లేకుండా ఒకేసారి మొత్తం కోడ్ తెచ్చి పడేస్తే, ఇంటర్వ్యూ చేసేవాడికి మీరు రాశారో, ఎక్కడైనా ఎత్తుకొచ్చారో తెలియదు. ప్రాసెస్ పోర్ట్‌ఫోలియో పిల్లల చేతి కమిట్ హిస్టరీ. ఏఐ బొమ్మలు సెకన్లలో వచ్చిపడుతున్న రోజుల్లో దాని విలువ పెరిగిందనే నా అభిప్రాయం. చివరి బొమ్మ ఎవరైనా తెప్పించుకోవచ్చు, ఆరు వారాల స్కెచ్ బుక్ తెప్పించుకోవడం అంత సులువు కాదు.

బోర్డు మీది ‘ఇంటర్నేషనల్’ని నమ్మి మాత్రం బస్సెక్కకండి. ఆ పేరున్న స్కూళ్లలో చాలావాటికి ఐబీతో గానీ కేంబ్రిడ్జ్‌తో గానీ సంబంధం ఉండదు. సీబీఎస్ఈ గానీ స్టేట్ సిలబస్ గానీ ఉంటుంది, పేరు మాత్రం అది. (సీబీఎస్ఈ కూడా 2010లో ‘సీబీఎస్ఈ-ఐ’ అని ఒక ఇంటర్నేషనల్ సిలబస్ తెచ్చి 2017లో ఆపేసింది.) ఐబీ స్కూళ్ల జాబితా ఐబీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. సీబీఎస్ఈ గుర్తింపు నంబరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. సీబీఎస్ఈ అని తేలినంత మాత్రాన వెనక్కి తగ్గాల్సిన పని కూడా లేదు. 2020-21 నుంచి సీబీఎస్ఈ ఒకటి నుంచి పదో తరగతి దాకా ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టులు తప్పనిసరి చేసింది. పెద్ద తరగతుల్లో కనీసం ఒక ప్రాజెక్టు జత రాష్ట్రం కళతో చేయాలి. ఆంధ్రప్రదేశ్‌కి జత పంజాబ్. అంటే ఇక్కడి పిల్లలు ఫుల్కారీ కుట్టు గురించి తెలుసుకుంటే, అక్కడి పిల్లలు మన కలంకారీ గీయొచ్చు. ఈ ప్రాజెక్టులు కూడా టర్మ్ చివర్లోనే వచ్చి ఆర్ట్ టీచర్ నెత్తిన పడతాయి. సైన్స్ మేడం ఒక వైపు, సోషల్ సార్ ఒక వైపు ‘మా క్లాసుకి కొంచెం చూడండి సార్’ అంటూ వస్తారు. ఆ ‘కొంచెం’ ఎంతో ముందే మాట్లాడుకోవాలి. వారానికి ఎన్ని పీరియడ్లు, ప్రాజెక్టుల గైడెన్స్ అందులో కలుస్తుందా, పైనా?

ప్రభుత్వ ఉద్యోగం కోసమే చూస్తామనేవాళ్లకు పరిస్థితి అంత బాగాలేదు. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్ ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటే ఆర్ట్ ఎడ్యుకేషన్‌కి ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. అయితే చట్టమే ఆ పోస్టును ‘పార్ట్‌టైమ్’ అని రాసేసింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులొచ్చాయి. స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371, ఆ తర్వాత టీజీటీలు, పీజీటీలు, ప్రిన్సిపాళ్లు, పీఈటీలు. డ్రాయింగ్ టీచర్‌కి ఆ పట్టికలో విడిగా గడి లేదు. పీఈటీకి ఉన్న గడి డ్రాయింగ్‌కి ఎందుకు లేదని అడగాల్సిన బాధ్యత ప్రభుత్వ బడిలో చదువుకున్న మనందరిదీ. ఆ గడి లేనంతకాలం, బొమ్మలు బాగా వేసే పిల్లాడికి దారి చూపించే టీచర్ ఫీజు కట్టే స్కూల్లోనే దొరుకుతాడు.

ఇక్కడే కార్వేటినగరం గుర్తొస్తుంది. సారంగపాణి పదాలు పుట్టిన సంస్థానం అది, వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి ఉన్న ఊరు. చిత్తూరు జిల్లా వాళ్లకు ఇంకో రకంగా కూడా తెలుసు, టీచర్లను తయారు చేసే డైట్ ఉంది అక్కడ. డీఈఎల్ఈడీలో కళావిద్య కూడా ఒక సబ్జెక్టే. కానీ దాన్ని రికార్డు రాసి సంతకం పెట్టించుకునే పనిగా చూసే అలవాటు మన ట్రైనీల్లో బాగా ఉంది. వేరే కాలేజీ సీనియర్ రికార్డు తెచ్చి కాపీ కొట్టేవాళ్లూ ఉన్నారు. ఎస్జీటీ పోస్టు వచ్చినా, ప్రైవేటు స్కూల్లో చేరినా, రేపు మీ చేతిలోని క్లాసుకి ఆర్ట్ టీచర్ మీరే. ఆ సబ్జెక్టుని నిజంగా చేసినవాళ్లకి ఇంటర్నేషనల్ స్కూళ్ల ప్రైమరీ సెక్షన్‌లో కూడా చెప్పుకోవడానికి ఒక పని ఉంటుంది. ఐబీ ప్రైమరీ కార్యక్రమంలో చివరి ఏడాది పిల్లలంతా కలిసి ఎగ్జిబిషన్ చేయాలి. దాన్ని నడిపించేది క్లాస్ టీచర్లే.

కార్వేటినగరం నుంచి పుత్తూరు, తిరుపతి మీదుగా బస్సు పట్టుకుంటే శ్రీకాళహస్తి చేరొచ్చు. టర్మ్ చివరి ఎగ్జిబిషన్‌కి కావాల్సిన పాఠం మొత్తం అక్కడి కలంకారీలో ఉంది. కోరా గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీతలు గీస్తారు. వెదురు కలానికి ఉన్ని గానీ గుడ్డ గానీ చుట్టి, దాన్ని కసింలో ముంచి నల్ల గీత దిద్దుతారు. కసిం అంటే తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కుండలో పులియబెట్టిన ద్రావణం. కుండలో ఉన్నప్పుడు అంత నలుపుండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే ఇనుము, టానిన్ కలిసి నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత ఎర్ర రంగిచ్చే వేర్లు, చెక్కలతో ఉడకబెడితే పటిక ఉన్న చోటే రంగు పట్టుకుంటుంది. మధ్యమధ్యలో ఉతకడం, ఎండబెట్టడం. పదో తరగతి కెమిస్ట్రీ పాఠాన్ని ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు?

కసిం పులియడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి డిసెంబర్ ఎగ్జిబిషన్‌కి కుండ నవంబర్ మొదట్లోనే పెట్టాలి. ఈ లెక్క తెలిసిన టీచర్‌కీ, చివరి వారంలో ఫ్యాబ్రిక్ పెయింట్ డబ్బా కొనుక్కొచ్చే టీచర్‌కీ తేడా ఇంటర్వ్యూలో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. కుండ పెట్టిన రోజు నుంచి ఉతికి ఆరేసిన రోజు దాకా పిల్లలు ఫొటోలు, నోట్సు పెట్టుకుంటే ప్రాసెస్ పోర్ట్‌ఫోలియో దానంతటదే తయారవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ ఒక్కటే అనుకోకండి. పలమనేరు మట్టి బొమ్మలున్నాయి, మాధవమాల చెక్క బొమ్మలున్నాయి. కొంచెం దూరం పోతే నిమ్మలకుంట తోలుబొమ్మలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి గారికి 2008లోనే వచ్చింది. జెనీవాలో సిలబస్ రాసినవాళ్లు ‘స్థానిక కళాకారుల పని’ అని అడిగితే, మనకి బస్సు టికెట్టు దూరంలో ఉంది.

అర్హతల మాట. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు, ఆ తర్వాత 42 రోజుల వేసవి శిక్షణతో వచ్చే టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్ అన్నిటికంటే తక్కువ ఖర్చు దారి. పెద్ద ఇంటర్నేషనల్ స్కూళ్లు ఎక్కువగా బీఎఫ్ఏ, ఎంఎఫ్ఏ అడుగుతాయి. రాయలసీమ వాళ్లకు కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది. తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప శిక్షణ సంస్థలో నాలుగేళ్ల డిప్లొమాలతో పాటు రెండేళ్ల కలంకారీ కోర్సు కూడా ఉంది. బీటెక్ ఒక్కటే ఉన్నవాళ్లు నేరుగా హైస్కూల్ ఆర్ట్ పోస్టుకి అప్లై చేస్తే కష్టం. డిజైన్ అండ్ టెక్నాలజీ, మేకర్ ల్యాబ్ లాంటి పోస్టులు చూసుకోండి. ఆర్ట్ రూం పక్క గదే అది, టర్మ్ చివర్లో ఇద్దరూ ఒకే ఎగ్జిబిషన్ కోసం పని చేస్తారు.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఇంకో మూడు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి. రంగులు, కాగితం, గుడ్డకి బడ్జెట్ స్కూల్‌దా, మీ జేబుదా? కొన్ని చోట్ల టీచరే కొని బిల్లు పెట్టుకోవాలి, ఆ బిల్లు తిరిగి రావడానికి రెండు నెలలు పడుతుంది. ఎగ్జిబిషన్ వారంలో సాయంత్రాలు ఆగితే దానికి కాంప్ ఆఫ్ ఉందా? వేసవి సెలవుల జీతం ఇస్తారా, ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్లీ చేర్చుకుంటారా?

డెమో క్లాసుకి పిలిస్తే పవర్‌పాయింట్ మీద ఎక్కువ ఆధారపడకండి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన జేబురుమాలంత గుడ్డ ముక్కలు, చిన్న సీసాలో కసిం, రెండు వెదురు కలాలు, మీ స్కెచ్ బుక్ సంచిలో వేసుకెళ్లండి. ముప్పై మంది పిల్లలు, నలభై నిమిషాలు. కలం గుడ్డను తాకి గీత నల్లబడేసరికి వెనక బెంచీ వాళ్లు కూడా లేచి ముందుకొస్తారు. కసిం బట్టల మీద పడితే మరక పోదు, పాత చొక్కా ఒకటి వెంట ఉంచుకోండి.