ఒక్క ఆదివారం చాలదా?



వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టడీ అవర్ దాకా సినిమా తీసుకోవచ్చని వార్డెన్ సారు ఒప్పుకున్నారు. ఫోను కూడా ఆయనే ఇస్తానన్నారు. ఆ పై ఆదివారం తల్లిదండ్రుల మీటింగులో చూపించాలి. "ఒక్క పూటలో సినిమా ఏంట్రా, వారమన్నా కావాలి" అని పెద్ద క్లాసు అన్నలు అంటున్నారు. నా అభిప్రాయం వేరు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మనం టైము మీద నెపం పెట్టకూడదు.

సినిమా పుట్టినప్పుడు ఎంత ఉండేదో తెలుసా? 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి చూపించిన పది సినిమాల్లో ఒక్కొక్కటి నిమిషం కూడా లేదు. ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికి రావడం, పసిబిడ్డకు తినిపించడం, ఇవే కథలు. 1999లో 'సుయంవరం' అనే తమిళ సినిమాను 24 గంటల లోపే తీసి గిన్నిస్ రికార్డుకెక్కారు. కాకపోతే 14 మంది దర్శకులు పని పంచుకున్నారు. అంటే టైము తక్కువైనప్పుడు పని పంచుకోవాలి, ఏర్పాటు ముందే ఉండాలి.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. మూడు నిమిషాల సినిమా అంటే 180 సెకన్లు. ఒక్కో షాటు 10 సెకన్లయితే 18 షాట్లు. షాటుకు 10 నిమిషాలు పట్టినా మూడు గంటలు. రెండింటికి మొదలెడితే ఐదింటికి అయిపోతుంది. కానీ ఆ 18 షాట్లు శనివారం రాత్రికే నోటుబుక్కులో రాసి ఉండాలి. అక్కడికెళ్లాక ఆలోచిద్దాం అంటే పొద్దు కుంకుతుంది. ఒకే చోట జరిగేవన్నీ ఒకేసారి తీసేసి, తర్వాత వరసగా అతికించుకోవాలి.

ఇక కథ. ఫైటింగులు, లవ్వులు వద్దు. దసరా సెలవులకు ఇంటికెళ్లినవాడు ఒకడు మా గదికి తిరిగి రాలేదు. పత్తి ఏరడానికి పోతున్నాడని వాళ్ల ఊరి పిల్లలు చెప్పారు. వాడి ట్రంకు పెట్టె ఇంకా కిటికీ కిందే ఉంది. అటెండెన్సులో వాడి నెంబరు పిలిస్తే ఎవరూ పలకరు. ఇదే మన సినిమా అంటాను నేను. తాళం వేసిన పెట్టె, బోర్లించిన కంచం, పలకని నెంబరు, బడి వెనక చేలో పత్తి ఏరే చేతులు. వాడి పేరు, మొహం ఏవీ అక్కర్లేదు.

మాటలు కూడా వద్దు. మా అమ్మకు కోయ మాటే బాగా వచ్చు, తెలుగు అంతంతే. మాటలు లేకపోతే అందరికీ అర్థమవుతుంది, డైలాగులు బట్టీ పట్టే టైమూ మిగులుతుంది. 1964లో సత్యజిత్ రాయ్ తీసిన 'టూ' అనే చిన్న సినిమాలో ఒక్క మాటా లేదు. ఇద్దరు పిల్లలు, మధ్యలో ఒక కిటికీ, అంతే.

వార్డెన్ సారుకి మనవి: ఆ రోజు బట్టలుతుకుడు పొద్దున్నే పెట్టించండి. ఫోను నిండా ఛార్జింగు పెట్టి ఇవ్వండి.

మిత్రులారా, వారం ఇస్తే మనం పాటలు, డ్యాన్సులు అన్నీ కలిపేస్తాం. మూడు గంటలే ఉంటే అసలు సంగతే తీస్తాం. అది చూసి ఏ ఒక్క తండ్రి అయినా పత్తి రోజుల్లో పిల్లాణ్ణి బడికే పంపితే చాలు. వాడు కూడా తిరిగొస్తే పెట్టె తాళం వాడే తీసుకుంటాడు.

— 9వ తరగతి విద్యార్థి