బిల్లయింది, ఇల్లు కాలేదు

రాష్ట్రంలోని చేపల రేవుల జాబితాలో విశాఖపట్నం, కాకినాడల సరసన శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం భావనపాడు పేరు ఉంటుంది. ఆ జాబితాను నమ్మి పడవతో వచ్చినవాడికి ఎదురయ్యేది ఇసుక మేటలతో పూడుకున్న మొగ. కట్టడమైతే కనిపిస్తుంది గానీ పడవకు అక్కరకు రాదు. ఊరి ముందు ఇంత సముద్రం పెట్టుకుని ఈ తీరం జనం వేట కోసం గుజరాత్‌లోని వేరావల్‌కు రైలెక్కుతున్నారు. అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులే 2018 నవంబరులో సరిహద్దు దాటారంటూ పాకిస్థాన్‌కు పట్టుబడ్డారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇళ్లకు చేరారు. ఆ రేవుకు ఖర్చు రాసిన పుస్తకాలు మాత్రం ఏనాడో ముగిసి బీరువా ఎక్కాయి.

ఖర్చు రాస్తే చాలు, పని పనికొచ్చిందా లేదా అని అడిగేవాడుండడన్న సంగతి పెద్ద గుత్తేదార్లకు ఎప్పుడో తెలుసు. ఇళ్ల పథకం పుణ్యమా అని చిన్నవాళ్లకూ తెలిసింది.

2020 డిసెంబరు 25న అప్పటి తూర్పుగోదావరి జిల్లా కొమరగిరిలో ‘నవరత్నాలు-పేదలందరికీ ఇళ్లు’ మొదలైంది. ఇంటికి లక్షా 80 వేల రూపాయలు. పట్టా ఆడవాళ్ల పేరిట. చాలకపోతే డ్వాక్రా సంఘం ద్వారా పావలా వడ్డీకి 35 వేల అప్పు, అదీ ఆమె పేరిటే. కట్టుకోలేమన్నవారి కోసం ‘మూడో ఆప్షన్’ అనే ఏర్పాటు పెట్టారు: కాంట్రాక్టరును ప్రభుత్వమే చూపించి కట్టిస్తుందన్నారు. మగవాళ్లు వలస వెళ్లిన ఇళ్లలో ఇది వరంలాగే కనిపించింది. తీరా చూస్తే రాష్ట్రంలో పలుచోట్ల కాంట్రాక్టర్లు బేస్‌మెంట్లు వేసి, బిల్లు ఎత్తుకుని, పక్క లేఅవుట్‌కు మకాం మార్చారు. పట్టా ఆమెది, అప్పు ఆమెది, బిల్లు అతనిది.

ఇందులో వ్యాపార లెక్క చాలా సులువు. ఇంటి పనిలో పునాది తొందరగా అయ్యేది, మిగులు కనిపించేది. స్లాబు, ప్లాస్టరింగు, తలుపులు, కరెంటు దగ్గరికొచ్చేసరికి కూలీ ఖర్చు పెరుగుతుంది, సిమెంటు, ఇనుము ధరలు నిలబడవు. అందుకని ఒకచోట 20 ఇళ్లు పూర్తి చేయడం కంటే ఐదుచోట్ల వంద పునాదులు వేయడమే లాభం. సాగునీటి పనుల్లోనూ ఇదే విద్య: మట్టి తవ్వకం ముందు పూర్తవుతుంది, తూములు, వంతెనలు ఏళ్ల తరబడి మిగిలిపోతాయి.

వదిలేసిన పని ఉన్నచోట ఉన్నట్టు ఉండదు, ముఖ్యంగా సముద్రపు ఒడ్డున. పిల్లర్లలోంచి పైకి నిలబడిన చువ్వలు ఒక్క వానాకాలానికే ఎర్రబడతాయి. ఉప్పుగాలికి తుప్పు ఉబ్బి లోపలి నుంచే కాంక్రీటును చీలుస్తుంది, పెచ్చులు ఊడతాయి. రెండేళ్ల తర్వాత వచ్చే కొత్త మేస్త్రి మొదటి మాటే ‘ఇది కొట్టేసి మళ్లీ పొయ్యాలమ్మా’. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటడం చూసిన ఈ మండలాల్లో ఎవరినడిగినా చెబుతారు, పైకప్పు లేని గోడ గాలికి ఎంతసేపు నిలుస్తుందో.

కాంట్రాక్టర్ల మొర పూర్తిగా అబద్ధమని అనలేం. బిల్లులు ఏళ్ల తరబడి ఆపిన పాపం ప్రభుత్వాలదే. 2019 ఎన్నికల తర్వాత అంతకుముందు చేసిన ఉపాధి హామీ పనుల సొమ్ము బిగబడితే, చివరికి 2021లో హైకోర్టు వడ్డీతో సహా చెల్లించమని చెప్పాల్సి వచ్చింది. బిల్లు రాక అప్పులపాలై పని ఆపినవాడిని, బిల్లు తీసుకుని ఎగ్గొట్టినవాడిని ఒకే గాటన కట్టడం అన్యాయం. మా అభియోగం రెండోవాడి మీద. అంతకంటే ఎక్కువగా అతని వెనక నిలబడ్డ సంతకం మీద.

ఎందుకంటే ప్రభుత్వ పనిలో కాంట్రాక్టరు తనంతట తాను పైసా తీసుకోలేడు. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కొలిచి ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, రాయాలి. డిప్యూటీ ఇంజినీరు (డీఈ) సరిచూడాలి. ఆ పైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) కలం కదలాలి. రూఫ్ లెవల్ బిల్లు ఎత్తిన చోట గోడ నడుము దాటలేదంటే, దొంగ కొలత ఎక్కడో రాసి ఉంది, దాని కింద పేరుంది, తేదీ ఉంది. కాంట్రాక్టరు పరారైతే ఊరంతా అతన్నే తిడుతుంది. కొలిచినవారు బదిలీ మీద మరో మండలంలో మరో పుస్తకం తెరుస్తారు.

పెద్ద పనుల్లో ఆలస్యానికి శిక్ష పడకపోగా అంచనా పెరుగుతుంది. రేగులపాడు దగ్గర మహేంద్రతనయ ఆఫ్‌షోర్ రిజర్వాయరుకు 2008లో శంకుస్థాపన జరిగినప్పుడు అంచనా సుమారు 125 కోట్ల రూపాయలు. 2023 నాటికి అది 850 కోట్లు దాటింది. ఆ ఏడాది ఏప్రిల్ 19నే, నిన్నమొన్నటి దాకా భావనపాడు పోర్టు అని పిలిచిన మూలపేట పోర్టుకు, బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బరుకు, గొట్టా బ్యారేజీ ఎత్తిపోతలకు కూడా శంకుస్థాపన చేశారు. శిలాఫలకాలకు ఈ జిల్లాలో ఏనాడూ కరువు లేదు.

నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. పని సాగదీసే కాంట్రాక్టరు చేతిలోంచి తీసి వేరొకరికి అప్పగించే 60-సి క్లాజు పోలవరంలో ప్రయోగించారు కనుక జనానికీ పరిచయమే. పోలవరానికి పనికొచ్చిన క్లాజు సంతబొమ్మాళి మండలంలో ఒక పేదరాలి గోడకు ఎందుకు గుర్తు రాదు? సొంత కష్టార్జితంతో ఇల్లు కట్టించుకునేవారి పరిస్థితీ ఇంతే. వేరావల్‌లో సంపాదించింది అడ్వాన్సుగా ఇచ్చి, కాంట్రాక్టరు ఫోను ఎత్తక స్టేషనుకు వెళితే ‘సివిల్ మేటరమ్మా, కోర్టుకెళ్లు’ అంటారు. ఒప్పందం తప్పడమే మోసం కాదు, మొదటినుంచీ దురుద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. ఒకే మనిషి పది ఇళ్ల దగ్గర అదే పని చేశాక కూడా దురుద్దేశం కనపడకపోతే ఆ చూపునే అనుమానించాలి. ఇలాంటివారికి వినియోగదారుల కమిషన్ ఒక దారి. 2019 చట్టం వచ్చాక కాంట్రాక్టరు ఎక్కడున్నా ఫిర్యాదు మన జిల్లాలోనే వేయొచ్చు, చెల్లించింది ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, రెండేళ్లు దాటనివ్వకూడదు. డబ్బు చేతికిచ్చి రసీదు అడగకపోతే మాత్రం ఏ కమిషనూ ఏమీ చేయలేదు.

సగంలో ఆగిన ఇళ్లకు 2025 మార్చిలో ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది: ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు లక్ష. ఇవ్వాల్సిందే. కానీ అదే గోడకు ఖజానా రెండోసారి డబ్బు పోస్తున్నప్పుడు, మొదటి డబ్బు ఎవరు తిన్నారో తేల్చడం దానం కాదు, బాధ్యత. ఎవరి దగ్గర ఎంత రాబట్టారు, ఏ కొలత మీద ఎవరు సంతకం పెట్టారు, ఊరిపేరుతో సహా గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. బిల్లు తిన్నవాడు మరో పేరుతో మరో టెండరు వేయకుండా ఆపాలి. సంతబొమ్మాళి మండలం ఉన్న టెక్కలి నియోజకవర్గం నుంచే గెలిచి మత్స్యశాఖ చూస్తున్న మంత్రి కింజరాపు అచ్చెన్నాయుడు ఈ పని తన ఊళ్ల నుంచే మొదలుపెట్టవచ్చు. పూడిన మొగ కూడా ఆయన శాఖ కిందిదే.

అంతవరకు ఆగనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్లతోనే ఆగదు. ప్రభుత్వ పనిని స్వయంగా తనిఖీ చేసి, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా అందులోనే ఉంది. ఎం-బుక్కు నకలు, పిల్లరు కాంక్రీటు నమూనా రెండూ ఒకే దరఖాస్తులో అడగవచ్చు. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.