చాకిరి తల్లిది, పెత్తనము తండ్రిదియా?

ఆలుమగలు వేరుపడిన పిమ్మట బిడ్డ చదువును, చికిత్సను, నివాసమును నిర్ణయింపవలసినవా రెవరు? ఈ ప్రశ్నకు మన శాసనము చెప్పు సమాధానము న్యాయసమ్మతము కాదని మా దృఢాభిప్రాయము.

1950లో రాజ్యాంగము స్త్రీపురుషులకు సమానత్వము నొసగినది. ఆరేండ్లు గడచినంతనే, 1956వ సంవత్సరపు హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టములోని 6వ సెక్షను బిడ్డకు సహజసంరక్షకుడు తండ్రి యనియు, అతని తరువాతనే తల్లి యనియు శాసించినది. అయిదేండ్లు నిండని బిడ్డ సామాన్యముగా తల్లియొద్దనే యుండవలెననియు ఆ సెక్షనే పలుకుచున్నది. అనగా రాత్రులు మేలుకొనుట తల్లి వంతు, సంతకము చేయుట తండ్రి వంతు! ఇంతకంటె విపరీత మేమున్నది?

1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ‘తరువాత’ యనగా తండ్రి మరణానంతరమే కాదనియు, బిడ్డను బొత్తిగా పట్టించుకొనని తండ్రి లేనివానితో సమానమనియు తీర్పు చెప్పెను. సంతోషమే. కాని తండ్రి శ్రద్ధ గలవాడైనచో తల్లి వెనుకవరుసనే నిలువవలెనా? ఇరువురకు సమానాధికార ముండవలెనని లా కమిషను 1989లో 133వ నివేదికయందును, 2015లో 257వ నివేదికయందును సిఫారసు చేసినది. శాసనములోని ఆ మాట మాత్రము కదలలేదు.

ఇరువుర కధికార మిచ్చినచో నిత్యకలహమే యని కొందరందురు. ఇప్పుడు కలహము లేదా? కోర్టు వరండాలలో తల్లి కొంగును, తండ్రి చేతిని మార్చి మార్చి చూచు పసివాండ్రను మేము నిత్యము చూచుచున్నాము. బిడ్డ కలహమునకు సాధనమగుటకు కారణము అధికార మొకచోట కుప్పపడుటయే. దినదిన వ్యవహారము బిడ్డ యెవరియొద్ద నుండునో వారిదే కావలెను. బడి మార్పు, శస్త్రచికిత్స, దూరదేశనివాసము వంటివి ఇరువురును కూడి, ముందుగా వ్రాసికొన్న యొడంబడిక ననుసరించి నిర్ణయింపవలెను. పొసగనిచో మధ్యవర్తియు, పిదప న్యాయాధిపతియు గలరు. హింస గల యింట మాత్ర మీ యుమ్మడి పనికిరాదు. అచట బిడ్డ రక్షణయే ప్రధానము. తెలివి వచ్చిన బిడ్డ యిష్టమును విచారింపవచ్చునని 1890వ సంవత్సరపు గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే చెప్పుచుండగా, పెద్దలమగు మనము దానిని వినకుండుట సిగ్గుచేటు.

మా వృత్తిసోదరులకు నొక్క మాట. కక్షిదారుని పంతమును గెలిపించుట గొప్ప కాదు. బిడ్డకు ఇరువురను మిగుల్చుట గొప్ప. శాసనకర్తలను మేము కోరునది స్వల్పము: ‘తరువాత’ యను నా మాటను కొట్టివేసి, తల్లిని తండ్రి సరసను నిలుపుడు. బిడ్డ యెవరి సొత్తును కాదు. అతడు ఇరువుర బాధ్యత.