చట్టానికి ముందే స్నేహం

ఢిల్లీలోని లాజ్‌పత్‌నగర్‌లో 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా జుట్టును చూసి కొందరు చేసిన హేళన ఘర్షణకు దారితీసింది. దెబ్బలు తిన్న ఆ యువకుడు మరునాడు మరణించాడు. ఆ దుర్ఘటన తర్వాత కేంద్రం నియమించిన బెజ్‌బరువా కమిటీ అదే ఏడాది జులైలో నివేదిక సమర్పించింది. జాతిపరమైన దూషణను శిక్షించేలా చట్టాన్ని సవరించాలని, ఈశాన్య రాష్ట్రాల చరిత్రను పాఠ్యాంశాల్లో చేర్చాలని సిఫారసు చేసింది. ఢిల్లీ పోలీసులు ప్రత్యేక విభాగాన్ని, 1093 హెల్ప్‌లైన్‌ను ఏర్పాటు చేశారు.

ఇవన్నీ అవసరమే. అయితే పోలీసులు వచ్చేది దెబ్బ తగిలాకే. హేళన మాత్రం ఎన్నో ఏళ్ల ముందే, తరగతి గదిలో మొదలవుతుంది. కళ్ల తీరును బట్టి పెట్టిన మారుపేరుకు తరగతి అంతా నవ్వితే, మణిపూర్ నుంచో మిజోరం నుంచో వచ్చిన పదిహేనేళ్ల బాలికకు తాను పరాయిదాననే భావం అక్కడే నాటుకుంటుంది. పక్కనున్న స్నేహితురాలు నవ్వక, అలా పిలవవద్దని వారిస్తే అవమానం పూర్తిగా తొలగకపోవచ్చు. కానీ ఆ బాలిక ఒంటరి కాదు.

సమాన హోదాతో, ఉమ్మడి లక్ష్యం కోసం, సంస్థ అండతో కలిసి మెలిగినప్పుడే దురభిప్రాయాలు తగ్గుతాయని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ప్రతిపాదించారు. 500కు పైగా అధ్యయనాలను క్రోడీకరించి 2006లో వెలువడిన పరిశీలన కూడా పరస్పర పరిచయం దురభిప్రాయాలను తగ్గిస్తుందని నిర్ధారించింది. ఒకే గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన చెలిమి కలగదన్నది ఇక్కడ గమనార్హం.

ఈశాన్య విద్యార్థులు తమలో తామే తిరుగుతారన్న విమర్శ తరచు వినిపిస్తుంది. ఇది న్యాయం కాదు. జరిగింది తన భ్రమ కాదని, తప్పు తనది కాదని అవమానపడిన పిల్లలకు ధైర్యం చెప్పేది సాటి అనుభవం గల మిత్రులే. వేరే ప్రాంతం మిత్రుడు చేయవలసిన పని మరొకటి ఉంది. నలుగురి ముందు అడ్డు చెప్పడం, ఫిర్యాదు చేసేటప్పుడు సాక్షిగా నిలవడం అతని బాధ్యత. 'సరదాకే అన్నాం' అంటూ స్నేహం పేరిట సాగే వెటకారం కూడా వివక్షేనని అతడు గ్రహించాలి.

జాతి, జన్మస్థలాల ఆధారంగా ప్రభుత్వం వివక్ష చూపరాదని రాజ్యాంగం 15వ అధికరణం శాసిస్తోంది. ఆ స్ఫూర్తి బడిలోకి రావాలంటే హాస్టల్ గదుల కేటాయింపులో, క్రీడా జట్ల కూర్పులో అన్ని ప్రాంతాల పిల్లలకూ సమాన స్థానం ఉండాలి. మారుపేరు వినిపించిన మొదటి రోజే ఉపాధ్యాయుడు జోక్యం చేసుకోవాలి. ఈశాన్య యువత చదువుకు, ఉపాధికి వస్తున్న హైదరాబాద్ వంటి నగరాల్లోని విద్యాసంస్థలు మరో దుర్ఘటన జరిగేదాకా వేచి ఉండరాదు.