ట్రక్కు టైరుకు పిసినారితనం తగదు

చెరకు నరుకుడు మొదలైతే ట్రాక్టరు ట్రక్కులకు టైర్లు మార్చడం మామూలే. ఇంజనుకు వేలు పోసే యజమాని ట్రక్కు దగ్గరకు వచ్చేసరికి పాత టైరు చాలులే అంటాడు. లోడంతా మోసేది ఆ టైర్లేనని మరచిపోతాడు.

కొనేటప్పుడు 9.00-16 అని సైజు ఒక్కటే చూస్తే చాలదు. పక్కన ప్లై రేటింగు కూడా చూడాలి. 16 ప్లై తీసి తక్కువ ప్లై వేస్తే ధరతోపాటు మోసే శక్తీ తగ్గుతుంది. తయారైన వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెలు వెతకాలి. 3524 అంటే 2024లో 35వ వారం. గీతలు లోతుగా ఉన్నా పక్కలు పగిలిన టైరు పనికిరాదు. రీట్రేడింగు తప్పు కాదు. లోపలి దారాలు తెగి ఉబ్బిన టైరుకు పైన కొత్త రబ్బరు వేయించడమే తప్పు. టైరు ఎంత మంచిదైనా గాలి తగ్గితే, లోడు మించితే వేడెక్కి పేలుతుంది.

అప్పుడు ట్రక్కు తిరగబడితే పోయేది గడలపై కూర్చున్న కూలీల ప్రాణాలు. సరుకు ట్రక్కులో మనుషులను ఎక్కించరాదని తెలిసీ ఎక్కిస్తున్నాం. సీజనుకు ముందే రవాణా అధికారులు గ్రామాలకు వచ్చి టైర్లు తనిఖీ చేయాలి. యజమానులు మాత్రం అంతవరకు ఆగరాదు. టైరు మీద మిగిలే డబ్బు ఒక కూలీ కుటుంబాన్ని నిలబెట్టలేదు.