తుపాకీకి పాసుపుస్తకం

టెక్సస్‌లో ఉంటున్న మా బావ నిరుడు ఎండాకాలంలో ఓ రాత్రి ఫోన్ చేశాడు. అపార్టుమెంటు పార్కింగులో కారు అద్దం పగలగొట్టి, లోపలున్న పిస్టల్ ఎత్తుకుపోయారట. గ్రీన్‌కార్డు వచ్చాక ఆఫీసులో తోటి ఉద్యోగి దగ్గర కొన్న పిస్టల్ అది. వచ్చిన పోలీసు మొదట అడిగింది సీరియల్ నంబరు. బావకు తెలియదు. అమ్మినతనికీ గుర్తులేదు. టెక్సస్‌లో ఒకే రాష్ట్రం వాళ్లిద్దరి మధ్య తుపాకీ చేతులు మారడానికి కాగితం అక్కర్లేదు. నల్ల రంగు పిస్టల్ అని మాత్రం రాసుకుని పోలీసు వెళ్లిపోయాడు.

కనీసం నీ పేరు మీద రిజిస్టరై ఉంటే బాగుండేది కదా బావా అన్నాను. "పోతే పోయింది తియ్. సర్కారు లిస్టుల పేరెక్కుడు మాత్రం వద్దు. ఇయ్యాల పేరు రాసుకుంటరు, రేపు ఇంటికొచ్చి గుంజుకపోతరు" అన్నాడు.

ఈ మాట బావ సొంతం కాదు. రిజిస్ట్రేషన్ అంటే జప్తుకు మొదటి మెట్టు అని అమెరికాలో తుపాకీ హక్కుల సంఘాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. అది నినాదంగా ఆగలేదు, చట్టమై కూర్చుంది. 1986 నాటి తుపాకీ యజమానుల రక్షణ చట్టం ప్రకారం అక్కడి కేంద్ర ప్రభుత్వం మామూలు తుపాకులకు గానీ, వాటి యజమానులకు గానీ రిజిస్టరు పెట్టకూడదు. ఇప్పుడా నమ్మకం అక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చింది. అది తప్పని గట్టిగా అంటున్నాను. తుపాకులంటే గిట్టక కాదు. తుపాకీ ఉన్నవాడికే అది చేటు చేస్తుంది కాబట్టి అంటున్నాను.

జాబితా లేని చోట నేరం జరిగితే ఏం చేస్తారో చూడండి. వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఏటీఎఫ్ అనే కేంద్ర సంస్థకు తుపాకుల జాడ తీసే కార్యాలయం ఉంది. దొరికిన తుపాకీ నంబరు పట్టుకుని అక్కడి ఉద్యోగి ముందు తయారీ కంపెనీని అడగాలి. కంపెనీ టోకు వ్యాపారి పేరు చెబుతుంది. అతను దుకాణం పేరు చెబుతాడు. దుకాణదారు ఫైళ్లు తిరగేసి, కొన్న మనిషి నింపిన ఫారం తీస్తాడు. మూతపడ్డ దుకాణాల కాగితాలు ఆ కార్యాలయానికే చేరతాయి. 2021 నాటికి అవి దాదాపు 92 కోట్లు. ఫొటోలు తీసి కంప్యూటర్లకు ఎక్కించారు గానీ, పేరు కొట్టి వెతికే వీలు లేకుండా ఎక్కించారు. 2024 జూలై 13న పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ట్రంప్ మీద కాల్పులు జరిగాక, ఆ రైఫిల్ కొన్నదెవరో మూతపడ్డ ఒక దుకాణం కాగితాల నుంచి అరగంటలోపే తేల్చారు. కాగితం ఉంటే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

అయితే ఆ జాడ మొదట కొన్న మనిషి దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత తుపాకీ మూడు చేతులు మారినా, బావ పిస్టల్ లాగా కారులోంచి పోయినా, ఫారం మీద ఉన్న పేరు ఎందుకూ పనికిరాదు. అమెరికాలో పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేస్తూ తూటాకు పోయిన మన పిల్లల శవపేటికలు శంషాబాద్‌లో దిగడం మనం చూశాం. ప్రతిసారీ పేపర్లో పిల్లవాడి ఊరు, చదువు, తల్లి ఏడుపు వస్తాయి. ఆ తుపాకీ ఎవరిది, ఎవరి చేతుల్లోంచి అక్కడికి చేరింది అన్నది రాదు. నాకు నిద్రపట్టనివ్వనిది ఆ ప్రశ్నే. బావ పిస్టల్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలియదు.

జప్తు భయం ఉత్తదే అని నేను కొట్టిపారేయను. న్యూయార్క్ నగరం 1967లో రైఫిళ్లకు, షాట్‌గన్‌లకు రిజిస్ట్రేషన్ పెట్టింది. 1991లో కొన్ని సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను నిషేధించి, రిజిస్టరులో పేర్లున్న యజమానులను వాటిని అప్పగించమంది, లేదా నగరం దాటించమంది, లేదా పనిచేయకుండా చేయమంది. నమ్మి పేరు రాయించుకున్న మనిషికి ఆ ఉత్తరం అందితే కోపం రాదా? వస్తుంది. కానీ ఆ తుపాకులను తీసేసింది నిషేధం. పుస్తకం లేకపోతే నిషేధం రాదనుకోవడమే పొరపాటు. న్యూజీలాండ్ 1983లోనే మామూలు రైఫిళ్ల రిజిస్ట్రేషన్ వదిలేసింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది ప్రాణాలు పోయాక, నెల తిరక్కుండానే సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో చాలావాటిని నిషేధించింది, డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. అప్పటికి అవి ఎన్ని ఉన్నాయో ప్రభుత్వానికే సరిగ్గా తెలియదు. రిజిస్టరు మళ్లీ మొదలైంది 2023లో. అంటే జప్తు ముందు వచ్చింది, జాబితా తర్వాత వచ్చింది.

ఇక అమెరికాలోనే, హక్కుల సంఘాలు పెద్దగా ఎత్తని ఒక పుస్తకం ఉంది. 1934 చట్టం కింద మెషిన్ గన్ ఉన్నవాడు కేంద్రం దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి. ఇప్పుడైతే వేలిముద్రలు, ఫొటో కూడా ఇవ్వాలి. 1986 తర్వాత తయారైనవాటిని పౌరుల పేర రాయడం ఆపేశారు, అది యజమానులకు అన్యాయమే అనేవాళ్లున్నారు. కానీ పుస్తకంలో ఉన్న పాత తుపాకుల కోసం తొంభై ఏళ్లలో ఎవరూ ఇల్లిల్లూ తిరిగి గుంజుకుపోలేదు. అవి ఇవాళ్టికీ వేలాది డాలర్లకు చట్టబద్ధంగా చేతులు మారుతున్నాయి. ఆ ధర పలికేది పుస్తకంలో పేరుండబట్టే. పైగా ఇంట్లో పిస్టల్ ఉంచుకునే హక్కును 2008లో సుప్రీంకోర్టు హెల్లర్ కేసులో ఖాయం చేసింది. కోర్టు కాపాడిన హక్కు పుస్తకంలో పేరెక్కితే ఎలా పోతుంది?

మన ఊరి సంగతి తీసుకుంటే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. బావ వాళ్ల నాన్న, అంటే మా మేనమామ, ముప్పై ఏళ్ల కింద పక్క రైతు దగ్గర తెల్లకాగితం మీద రెండెకరాలు కొన్నాడు. సాదాబైనామా. డబ్బిచ్చాడు, దున్నుకున్నాడు, ఊరందరికీ తెలుసు. 2018లో రైతుబంధు కింద ఎకరాకు నాలుగు వేల చెక్కు వచ్చినప్పుడు అది పాసుపుస్తకం ఉన్న పాత యజమాని చేతికి వెళ్లింది. మామ ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పుస్తకంలో పేరు ఉండటం వల్ల భూమి పోయిందన్న మాట మా ఊళ్లో నేనెప్పుడూ వినలేదు. పేరు లేక పోగొట్టుకున్నవాళ్లు మాత్రం వీధికొకరున్నారు. రోడ్డు కోసం సర్కారు భూమి తీసుకున్నా పరిహారం పట్టాదారుకే ఇస్తుంది. ఆస్ట్రేలియా 1996లో తుపాకులు వెనక్కి తీసుకున్నప్పుడు కూడా యజమానులకు డబ్బు కట్టింది.

రిజిస్టరు పెట్టే తీరులో తప్పులు జరుగుతాయి. కెనడా 1995లో రైఫిళ్లకు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ, ఫీజులు పోను ఖర్చు 20 లక్షల డాలర్లేనని చెప్పింది. 2002కల్లా మొత్తం కార్యక్రమం ఖర్చు వంద కోట్లకు చేరబోతోందని ఆడిటర్ జనరల్ షీలా ఫ్రేజర్ బయటపెట్టారు. 2012లో రైఫిళ్ల రిజిస్టరు ఎత్తేశారు. 2022లో కాలిఫోర్నియా న్యాయశాఖ వెబ్‌సైటులో తుపాకీ వెంట ఉంచుకునే పర్మిట్ల కోసం అర్జీ పెట్టుకున్నవాళ్ల వివరాలు బయటపడ్డాయి. ఇలాంటివి క్షమించరానివి. అందుకే పుస్తకం తెరవడానికి కేసు నంబరు, జడ్జి అనుమతి ఉండాలి. తన పేరు ఎవరు, ఎప్పుడు చూశారో యజమానికి తెలియాలి. బయట పెట్టినవాడు జైలుకు పోవాలి. ఇవన్నీ యజమానులు పట్టుబట్టి సాధించుకోవలసినవి. అసలు పుస్తకమే వద్దంటే వీటిలో ఒక్కటీ అడిగే చోటు ఉండదు.

బావ ఆ మధ్య నాకో ఫార్వర్డు పంపాడు. 1878 ఆయుధాల చట్టంతో తెల్లవాళ్లు మన చేతుల్లో తుపాకులు లేకుండా చేశారు, రిజిస్ట్రేషన్ అంటే అదే అని. ఆ చట్టం దుర్మార్గమైనదే, కానీ పుస్తకం పెట్టినందుకు కాదు. యూరోపియన్లను వదిలి భారతీయుడినే లైసెన్సు అడిగినందుకు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకున్న అల్లూరి సీతారామరాజు, తీసుకున్నవాటి లెక్క స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లాడని మన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దొంగ తను ఎత్తుకుపోయినదాని లెక్క రాయడు.

బావ మళ్లీ పిస్టల్ కొన్నాడు. ఈసారి దుకాణంలో, ఫారం నింపి. మర్నాడు నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది, పిస్టల్ పక్క భాగం, చెక్కిన నంబరు స్పష్టంగా కనబడేలా. కింద ఒకే వాక్యం: "ఇది నీ దగ్గర దాచిపెట్టు, ఈసారి పోతే నంబరు ఉండాలె." భద్రంగా దాచాను.