పొడ తూర్పు పశువులకు మేత యేది?

కర్నాలునందలి జాతీయ జంతు జన్యు వనరుల సంస్థవారు 2020లో పాలమూరు సీమకు చెందిన పొడ తూర్పు పశువులను ప్రత్యేక జాతిగా నమోదు చేసిరి. తెలంగాణమునుండి యీ గౌరవమందిన మొదటి గోజాతి యిదియే. దస్తరమున పేరెక్కినది, అడవిలో మేత మాత్రము తరుగుచున్నది.

పొడలనగా మచ్చలు. తూర్పునుండి వచ్చినవి కావున తూర్పు ఎడ్లని రైతుల వాడుక. గిట్టలు గట్టివి, రాళ్లగుట్టలపై కుంటక నడచును. లంబాడీలు, గొల్లలు మొదలగువారు మందలను నెలల తరబడి నల్లమలలోనే మేపుకొందురు. పాలు స్వల్పమే. పాలచెంబుతో కొలిచి వీనిని చిన్నచూపు చూచు అధికారులు మంద కట్టిన చేనిలోని పంటను ఒక్కసారి చూడవలెను. ఎడ్ల బేరమునకు కురుమూర్తి జాతర యుండెడిది. ట్రాక్టర్లు వచ్చిన పిదప అదియు సన్నగిల్లినది.

అంతకుమించిన దెబ్బ అడవిలో మేతపై నిర్బంధము. 1983 నాటి నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యమున మన వైపు భాగము రాష్ట్రవిభజనానంతరము అమ్రాబాదు అభయారణ్యమైనది. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించిన యీ యడవిలో పులి వర్ధిల్లుట అందరకును సమ్మతమే. పశువుల గాలికుంటు దుప్పులకు సోకునను భయమును కల్ల కాదు. కాని దానికి మందు టీకాలు వేయుట; మందను తరుముట కాదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టము మూడవ సెక్షను మేతను సామూహిక హక్కుగా నంగీకరించినది. ఒకచోట నుండువారికే గాక ఋతువునుబట్టి తిరుగు పశుపాలకులకును. నాలుగవ సెక్షను ననుసరించి వన్యప్రాణుల కీలక స్థలములందైనను, గ్రామసభ తెలిసి, స్వేచ్ఛగా, వ్రాతపూర్వకముగా సమ్మతింపనిదే జనులను కదలింపరాదు. ఇంత స్పష్టమైన శాసనముండగా, కాపరి గార్డు దయపై బ్రతుకుట యేల? గిరిజనేతరులు మూడు తరముల నివాసమునకు సాక్ష్యము చూపవలెనను నిబంధన గొల్లలకు గొప్ప భారమన్న మాట నిజము. ఊరి పెద్దల వాఙ్మూలమును సైతము సాక్ష్యముగా గైకొనవచ్చునని నియమములలోనే యున్నది, చెప్పువారు లేరు.

సర్కారు దొడ్డిలో పది ఆవులను కట్టి జాతిని కాపాడితిమనుకొనుట పొరపాటు. ఒంగోలు గిత్త సముద్రము దాటి బ్రెజిలులో నెల్లూరు పేర కోట్లసంఖ్యకు పెరిగినది. పొడ తూర్పునకు బలమిచ్చినది కొండ, ఆకు, నడక. దానిని దొడ్డిలో మేపిన ఆ గిట్ట నిలుచునా?

అమ్రాబాదు, పదర మండలముల గ్రామసభలు తమ మేతదారులకు, నీటితావులకు పటములు గీయించి, వచ్చు వేసవిలోపుగా తీర్మానములు చేసి ఉపవిభాగ సంఘమునకు పంపవలెను. వ్రాతపనికి అచ్చంపేట న్యాయవాదులు రుసుము కోరక ముందుకు రావలెను.